బ్యాగు తగిలించుకుని ఎక్కడికెళ్తున్నావు తమ్ముడూ?

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా చెప్తా. వయసు 36, బెంగళూరు బెల్లందూరులో లోన్ మీద కొన్న ఫ్లాటు, నెలకు 58 వేల ఈఎంఐ. తొమ్మిదేళ్లు పనిచేసిన కంపెనీ ఆగస్టులో పిలిచి "మీరే పేపర్లు పెట్టేయండి, రిలీవింగ్ లెటర్ నీట్‌గా ఇస్తాం" అంది, మూడు నెలల జీతం చేతిలో పెట్టింది. అప్పట్నుంచి ఐదు నెలలు. 140 అప్లికేషన్లు పెడితే నాలుగు ఇంటర్వ్యూలు వచ్చాయి, ఒక్కటీ తేలలేదు. భార్యకు తెలుసు. సంక్రాంతికని తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన నాన్నగారికి తెలీదు. అందుకని రోజూ తొమ్మిదింటికి లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయల్దేరి, ఏదో మాల్‌లో కూర్చుని ఏడింటికి ఇల్లు చేరుతున్నావు. మారతహళ్లిలో ఒక కన్సల్టెన్సీవాడు 60 వేలిస్తే గ్యాప్ కనబడకుండా ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఇప్పిస్తానంటున్నాడు. లెటర్ కొననా, ఊరెళ్లిపోనా అని అడిగావు.

నువ్వు అడగని దానితో మొదలుపెడతాను. ఆ బ్యాగు సంగతి.

2009 ఫిబ్రవరిలో నా ఉద్యోగం పోయింది. అంతకు ముందు సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది, జనవరి 7న లెక్కల్లో మోసం ఒప్పుకుంటూ సత్యం కంప్యూటర్స్ రాజుగారు రాసిన ఉత్తరం బయటపడింది, బెంగళూరులో ఏ ఇద్దరు తెలుగువాళ్లు కలిసినా అదే మాట. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండేదాన్ని, మా క్లయింటు బ్యాంకు. ఒక శుక్రవారం ఏడుగురిని వరసగా చిన్న రూములోకి పిలిచారు. నాది ఐదో నంబరు. నాకప్పుడు 34 ఏళ్లు, పాపకు నాలుగు. ఇంట్లో అత్తగారు. ఆవిడకు చెప్తే "పోనీలే అమ్మాయ్, పిల్లనైనా చూసుకో" అంటారు, ఆ మాటతో నా కెరీర్ అయిపోతుంది అని నా భయం. మావారికి చెప్పాను, అత్తగారికి చెప్పొద్దన్నాను.

సోమవారం మామూలుగానే క్యారేజీ కట్టుకుని 335ఈ బస్సెక్కాను. కార్పొరేషన్ దగ్గర దిగి, కబ్బన్ పార్కులోకి నడిచి, ఆ ఎర్రటి సెంట్రల్ లైబ్రరీలో కూర్చున్నాను. అలా ఆరు వారాలు. మూడో వారంలో అక్కడి అటెండరు "యావ ఎగ్జామ్ మేడం?" (ఏ పరీక్షకి?) అని అడిగాడు, కేఏఎస్, అంటే కర్ణాటక సర్కారు ఆఫీసర్ల పరీక్ష అని అబద్ధమాడాను. మధ్యాహ్నం బయట చెట్టు కింద బెంచీ మీద పెరుగన్నం. మార్చికొచ్చేసరికి ఎండకు పెరుగు పులిసిపోయేది. ఇంటికెళ్లేముందు ఆ రోజు "ఆఫీసులో ఏం జరిగింది" అన్నది కల్పించుకోవాలి. ఎవరు ఏమన్నారు, ఎవరి పుట్టినరోజుకి కేకు కట్ చేశారు. నిజం ఉద్యోగంలో నాకు అంత అలసట ఎప్పుడూ రాలేదు.

దొరికిపోయింది ఎలాగో చెప్తాను. మార్చి, ఏప్రిల్‌లో బెంగళూరంతా కానుగలు పూస్తాయి, మరమరాలు చల్లినట్టు కింద రాలతాయి. ఒక సాయంత్రం అత్తగారు క్యారేజీ బ్యాగు దులుపుతూ గుప్పెడు పూలు అరచేతిలో పోసుకుని నా ముందు పెట్టారు. "వారం రోజులుగా చూస్తున్నా. మీ ఏసీ ఆఫీసులో కానుగ చెట్టు ఎక్కడుందమ్మా?"

నేను ఏడ్చాను. ఆవిడ నన్ను ఇంట్లో కూర్చోమనలేదు. "పొద్దున్నే నాలుగు మెతుకులు తిని ఎండన పడి తిరుగుతున్నావా" అని తిట్టి, మర్నాటి నుంచి నడివీధిలో చాటింపు వేశారు. భజన బృందంలో, పాలబూత్ దగ్గర, పైఫ్లోర్‌లో. దానివల్ల నాకు వచ్చినవి ఒక ఎల్ఐసీ ఏజెన్సీ, రెండు ట్యూషన్లు, సత్యనారాయణ వ్రతం చేయించుకోమని ఒక సలహా. ఉద్యోగం మాత్రం రాలేదు. కానీ దాచడానికి ఇంకేమీ లేదు కాబట్టి నేనూ ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఆ ఆరు వారాల్లో మనసు విప్పి ఒక్క ఫోనూ చేయలేదని అప్పుడు తెలిసింది. ఎవరికి చేసినా "ఇప్పుడెక్కడున్నావ్?" అంటారు కదా, అందుకని.

నాకు పని చూపించింది 2003లో నాతో పాటు ఒకే క్యాబ్‌లో ఆఫీసుకొచ్చిన మనిషి. ఆరేళ్లుగా మాటల్లేవు, ఇంటిపేరు కూడా గుర్తులేదు. ఇది నా ఒక్కదాని అదృష్టం అనుకోకు. 1973లో అచ్చయిన ఒక పరిశోధనలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త, అమెరికాలో తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను "ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారు" అని అడిగాడు. తరచుగా కలిసేవాళ్ల ద్వారా వచ్చింది 16.7 శాతం మందికే. అప్పుడప్పుడూ కలిసేవాళ్ల వల్ల 55.6 శాతం, ఎప్పుడో గానీ కలవనివాళ్ల వల్ల 27.8 శాతం. ఆలోచిస్తే సబబే. నీ పక్కన కూర్చున్నవాడికి తెలిసిన ఖాళీలు నీకూ తెలుసు. నీకు తెలియనివి దూరంగా ఉన్నవాళ్ల దగ్గరుంటాయి, మరి నీకు పని కావాలన్న సంగతే వాళ్లకు తెలియకపోతే? బ్యాగు తగిలించుకుని తిరిగినన్నాళ్లూ నువ్వు నాన్నగారొక్కరి దగ్గరే దాస్తున్నాననుకుంటావు. లోకమంతటి దగ్గరా దాస్తున్నావు.

సరే, "తొమ్మిదేళ్లు చేస్తే నన్నే ఎందుకు తీశారు" అని రాశావు. ఆ ప్రశ్నకు అవతలి కుర్చీలోంచి జవాబు చెప్పగలను, ఎందుకంటే 2016లో నేనే లిస్టు ఇచ్చాను. నా టీమ్‌లో 22 మంది, పైనుంచి "మూడు పేర్లు కావాలి, రేపు మధ్యాహ్నం లోపు" అన్నారు. నా ముందు ఒక ఎక్సెల్ షీటు. అందులో పనితనం అనే కాలమ్ ఉంది గానీ అది చివర్లో ఉంది. ఒకతని ప్రాజెక్టు బిల్లింగ్ ఆ నెలాఖరుతో ముగుస్తోంది. ఇంకొకాయన జీతం ఆ గ్రేడులో అందరికంటే ఎక్కువ, అంటే ఒక్కడు పోతే రెండు పేర్లంత ఆదా. మూడో అబ్బాయి ఆన్‌సైట్, అంటే క్లయింటు దగ్గర పని నుంచి వచ్చి మూడు వారాలే అయింది, ఇంకా ఏ ప్రాజెక్టుకీ మ్యాప్ కాలేదు. ముగ్గురూ మంచి పనివాళ్లు. మా టీమ్‌లో నిజంగా పని రాని ఒకాయన ఉండేవాడు, ఆయన క్లయింటు మేనేజరుకి ఇష్టుడు, ఆయన ఉన్నాడు. ఆ మూడో అబ్బాయి ఇప్పటికీ నాకు కలలో వస్తాడు. నీ పేరు కూడా అలాంటి షీటులోనే ఏదో ఒక గడిలో పడుంటుంది. అది తీర్పు అనుకుని నువ్వు నీ మీద మళ్లీ విచారణ పెట్టుకోకు. అదే కోపం, అదే అవమానం ఇంటర్వ్యూలో మొహం మీదకి వస్తుంది, ఎదుటివాడు పసిగడతాడు.

ఆ కోపం తీయడానికి ఒక పని చెప్తా, నవ్వకు. అమెరికాలో డల్లస్‌లో ఒక పెద్ద కంప్యూటర్ కంపెనీ తీసేసిన ఇంజినీర్లు 63 మందితో జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు, ఆయన సహచరులు చేసిన ప్రయోగం 1994లో అచ్చయింది. ఒక గుంపును రోజుకు 20 నిమిషాలు, ఐదు రోజులు, ఉద్యోగం పోవడం గురించి కడుపులో ఉన్నదంతా రాయమన్నారు. ఇంకో గుంపు పొడిగా రోజువారీ పనుల గురించి రాసింది. మూడో గుంపు ఏమీ రాయలేదు. కొన్ని నెలలకు చూస్తే కడుపులోది రాసినవాళ్లకే ఉద్యోగాలు ముందు దొరికాయి. వాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ ఫోన్లు చేయలేదు, ఎక్కువ ఉత్తరాలూ పంపలేదు. 63 మంది పెద్ద లెక్క కాదు, ఒప్పుకుంటాను. కానీ ఖర్చు ఒక నోటుబుక్కు. 2023లో నాకు మళ్లీ ఉద్యోగం పోయినప్పుడు (అవును, రెండోసారి, 48 ఏళ్ల వయసులో, పావుగంట వీడియో కాల్‌లో) నేను రాశాను. మూడోరోజుకి మా మేనేజర్ మీద తిట్లు అయిపోయాయి, నాలుగోరోజు నా భయాలు బయటికొచ్చాయి. రాసినవి చింపేశాను.

ఇక డబ్బు. ముందు నీకు రావలసింది వచ్చిందా చూసుకో. తొమ్మిదేళ్ల సర్వీసు కాబట్టి గ్రాట్యుటీ రావాలి. కాగితం మీద నువ్వే రాజీనామా చేసినట్టున్నా సరే, ఐదేళ్లు దాటితే అది హక్కు. ఆఖరి నెల బేసిక్‌ను 15తో గుణించి, 26తో భాగించి, సంవత్సరాలతో గుణించు. బేసిక్ 60 వేలైతే సుమారు 3,11,500. ముప్ఫై రోజుల్లో ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్ షీటులో, అంటే కంపెనీ ఇచ్చిన ఆఖరి లెక్కల్లో, ఆ లైను లేకపోతే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టు, ఫోన్ వద్దు, మెయిలే. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నీ జీతంలోంచి కోసిన పన్ను (టీడీఎస్) ఏడాది పొడుగునా జీతం వస్తుందన్న లెక్కన కోసింది, రిటర్ను వేస్తే కొంత తిరిగొచ్చే అవకాశం ఉంది.

పీఎఫ్‌ను ముందే తోడేయకు. పని మానేసినా దాని మీద వడ్డీ ఆగదు, 2024-25కి 8.25 శాతం ఇచ్చారు. పెన్షన్ పథకంలో ఉంటే మొత్తం సర్వీసు 10 ఏళ్లు నిండితేనే 58 ఏళ్లకు పెన్షన్ హక్కు వస్తుంది. నీకు ఇక్కడ తొమ్మిదయ్యాయి. ఆ పెన్షన్ డబ్బు ముందే తీసేసుకుంటే ఆ తొమ్మిదేళ్లూ గంగలో కలిసినట్టే. పాత కంపెనీ పీఎఫ్ ఇందులోకి మార్పించుకున్నావో లేదో కూడా ఈ రోజే చూడు.

ఈఎంఐ తప్పాక బ్యాంకుకి వెళ్లడం వేరు, తప్పకముందు వెళ్లడం వేరు. 90 రోజులు దాటితే లోను ఎన్‌పీఏ, అంటే మొండిబకాయి ఖాతాలోకి పోతుంది, అప్పుడిక బ్రాంచి మేనేజరు చేతిలో ఏమీ ఉండదు. ఇప్పుడైతే కాలపరిమితి పొడిగించి నెలసరి తగ్గించమని అడగొచ్చు. రిలీవింగ్ లెటర్ పట్టుకుని నువ్వే వెళ్లు. క్రెడిట్ కార్డుతో ఈఎంఐ సర్దే ఆలోచన ఉంటే మానుకో, ఆ వడ్డీ ఏడాదికి 40 శాతం పైనే. నాన్నగారు మీ ఇంట్లో ఉన్నారు కాబట్టి ఇంకోటి. కంపెనీ ఆరోగ్య బీమా నీ ఆఖరి రోజుతోనే పోయింది. పెద్దాయనకు షుగరో బీపీయో ఉంటే, కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల వరకూ వెయిటింగ్ పెట్టొచ్చు. నీకు చిన్న ఫ్యామిలీ పాలసీ అయినా ఈ వారంలో తీసుకో. మొదటి నెలలోనే తీసుకోవలసింది, ఇప్పుడైనా సరే.

కన్సల్టెన్సీవాడి లెటర్ కొనకు. నీతి చెప్పడానికి రాలేదు, లెక్క చెప్తున్నా. ఆఫర్ ఇచ్చాక కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయిస్తాయి, యూఏఎన్ (పీఎఫ్ నంబరు) సర్వీస్ హిస్టరీ అడుగుతాయి, కొన్ని ఫారం 26ఏఎస్, అంటే నీ పేరున కట్టిన టీడీఎస్ చిట్టా కూడా. పీఎఫ్ కట్టని, టీడీఎస్ కట్టని కంపెనీలో ఐదు నెలలు చేశానంటే ఎవరు నమ్ముతారు? చేరిన మూడో నెలలో పట్టుకుని పంపిస్తే అది ఎక్కడ చెప్పుకుంటావు? నీ తొమ్మిదేళ్ల నిజం సర్వీసు మీద 60 వేలు పెట్టి బురద కొనుక్కుంటున్నావు.

పైగా ఈ గ్యాప్‌లో నీకొక లాభముంది, అది నీకు తోచలేదు. మన ఐటీలో నోటీసు పీరియడ్ చాలాచోట్ల 60 రోజులు, 90 రోజులు. ఆఫర్ పట్టుకుని, మూడు నెలలు ఊరించి, చివర్లో ఇంకోచోట చేరేవాళ్లతో రిక్రూటర్లు విసిగిపోయి ఉంటారు. వాళ్లు సెర్చ్ చేసేదే "ఇమ్మీడియట్ జాయినర్" అని. ఆ మాట నీ ప్రొఫైల్ హెడ్డింగులో ఉందా? నౌక్రీ అనే ఉద్యోగాల సైటులో ప్రొఫైలు రోజూ ఏదో ఒక మాట మార్చి సేవ్ చెయ్, కొత్తగా మార్చినవి పైకి వస్తాయి. గ్యాప్ గురించి అడిగితే రెండు వాక్యాలు చాలు: "ఆగస్టులో మా ప్రాజెక్టు మూసేశారు, టీమ్‌లో ఇంతమందిమి బయటికొచ్చాం. అప్పట్నుంచి ఫలానాది నేర్చుకుంటూ, ఇలాంటి పనే వెతుకుతున్నాను." అక్కడ ఆగిపో. ఆగలేక పాత కంపెనీ పురాణం విప్పినవాళ్లను నేనే చాలామందిని వద్దన్నాను.

140 అప్లికేషన్ల పద్ధతి మార్చు. ఒక కాగితం మీద 60 పేర్లు రాయి. పాత క్యాబ్ మేట్లు, కాలేజీ సీనియర్లు, మానేసి వెళ్లిపోయిన లీడ్‌లు. రోజుకు మూడు ఫోన్లు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్యలో, మీటింగులు పలచబడే వేళ. ఉద్యోగం ఇప్పించమని అడగొద్దు, ఇబ్బంది పడి తప్పించుకుంటారు. "నేను ఆగస్టులో బయటికొచ్చాను. మీ దగ్గర ఇప్పుడు ఏ పని నడుస్తోంది, ఎలాంటివాళ్లను తీసుకుంటున్నారు?" అని అడుగు. తమ పని గురించి మాట్లాడటం అందరికీ ఇష్టమే. సంభాషణ చివర్లో వాళ్లే రెజ్యూమె పంపమంటారు. పదిమందిలో ఇద్దరు అంటారు, ఇద్దరు చాలు.

జీతం తగ్గితే? 2009లో నేను సెప్టెంబరు దాకా, అంటే ఏడు నెలలు ఖాళీగా ఉండి, పాతదానికి 30 శాతం తక్కువకు చేరాను. పాత అంకెకు రావడానికి మూడేళ్లు పట్టింది. అయినా సరైన పనే చేశాననుకుంటాను. నువ్వు మాత్రం ఎంత తక్కువకి దిగగలవో మీ ఆవిడతో కూర్చుని ముందే ఒక అంకె రాసుకో. హెచ్ఆర్ ఫోన్లో అడిగినప్పుడు తడుముకోకూడదు.

తెనాలి వెళ్లిపోవడం గురించి ఇప్పుడు నిర్ణయించకు. పదిరోజులు వెళ్లిరా, కాకినాడ వెళ్లే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది కదా. అమ్మ చేతి అన్నం తిను. ఇల్లు అద్దెకిచ్చే లెక్కలు మాత్రం మోసుకెళ్లకు.

రోజు గడవడం గురించి ఒక మాట. ఆస్ట్రియాలో వియన్నాకి దగ్గర్లో మరియెంతాల్ అనే ఊరుండేది, ఊరంతటికీ ఒకటే బట్టల మిల్లు. 1930 నాటికి అది మూతపడింది. మారీ యహోదా అనే సామాజిక పరిశోధకురాలు, ఆమె సహచరులు ఆ ఊళ్లో ఉండి చూస్తే, పని లేక టైమంతా చేతిలో ఉన్న జనం లైబ్రరీ పుస్తకాలు చదవడం దాదాపు సగానికి తగ్గించేశారు. అదీ పుస్తకాలు ఉచితంగా ఇస్తుంటే. మగవాళ్లు గడియారాలు పెట్టుకోవడం మానేశారు, వీధిలో నడుస్తూ నడుస్తూ ఊరికే ఆగిపోయేవాళ్లు. ఆడవాళ్లు ఆగలేదు, వాళ్లకు ఇంట్లో పొయ్యి ఉంది కదా. నేను లైబ్రరీలో ఆరు వారాలు కూర్చుని చదివింది ఎంతో తెలుసా? ఒక పుస్తకంలో 40 పేజీలు. అందుకని పెద్ద టైమ్‌టేబుళ్లు వేయకు. పిల్లను బడికి దింపడం నీదనుకో, ఫోన్ల రెండు గంటలు నీవనుకో, సాయంత్రం నాన్నగారితో చెరువు గట్టు మీద నడక. మిగతాది ఎలా పోతే అలా పోనీ.

చివరన రాశావు, మూడింటికే మెలకువ వస్తోంది, అన్నం సహించట్లేదు అని. రెండు వారాలు దాటి అలాగే ఉంటే అది ఓపికతో తీరే వ్యవహారం కాదు. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ లైను ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, దానికి ముఖ్య కేంద్రం మన హోసూరు రోడ్డు మానసిక ఆసుపత్రి నిమ్‌హాన్సే. రాత్రీ పగలూ తీస్తారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. "చచ్చిపోతే బాగుండు" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రాత్రే చెయ్. మీ ఆవిడకు కూడా ఆ నంబరు ఇవ్వు.

ఇవాళ రాత్రి భోజనాలయ్యాక నాన్నగారికి చెప్పు. ఎలా మొదలుపెట్టాలో తెలీకపోతే ఆ బ్యాగు తెచ్చి ఆయన ముందు పెట్టు. ముప్ఫై ఏళ్లు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారన్నావు, మధ్యలో సస్పెన్షన్లు, సమ్మెలు ఆయన చూడకుండా ఉండుంటారా? ఆయనకు ఇప్పటికే తెలిసి ఉండే అవకాశం కూడా ఉంది. శనివారాలు ఇంటి నుంచి పని అని చెప్పే కొడుకు ఆ రోజు ఒక్క మీటింగులోనూ మాట్లాడకపోతే ఏ తండ్రికైనా అనుమానం వస్తుంది.

చెప్పాక ఇక్కడే నాకు మెసేజీ పెట్టి రెజ్యూమె పంపు. ఆదివారం పొద్దున చూస్తాను. రెండు పేజీలు దాటితే చదవను, మొదటి లైనులో "హార్డ్ వర్కింగ్" అని ఉంటే అసలు తెరవను.